గిర్ని పెంచుతున్నారట

జయవంత్ ఉరుణ్‌కర్ కూర్చుని ఉండగా చూసినవాళ్లు జునీ పేట్‌లో ఎవరూ లేరు. జొన్నరొట్టె మడిచి చేత్తో పట్టుకుని నిలబడే తింటాడు. పేపరు నడుస్తూ చదువుతాడు. మంగలి దగ్గర గడ్డం సగం గీసేసరికి ఏదో గుర్తొచ్చి లేస్తాడు. నురగ మొహంతోనే రోడ్డు దాటి, ఎవరితోనో మాట్లాడి, మిగతా సగానికి తిరిగొస్తాడు. సాంగ్లీలో ఇలాంటివాళ్లను భింగరీ అంటారు, గిరగిరా తిరిగే బొంగరమని. ఆ పేరు అతనికి పదో ఏట పడింది. నలభై ఏడో ఏట కూడా అదే పేరు. ఇప్పుడు చివర ‘భావూ’ అని ఒక మర్యాద తగిలిస్తున్నారు, అంతే తేడా.

అలాంటి మనిషి చేతికి వచ్చింది పిండి గిర్ని. గిర్నిలో తిరగాల్సింది రాయి, కూర్చోవాల్సింది మనిషి. జయవంత్ దగ్గర ఇద్దరూ తిరుగుతారు. తొట్టిలో గోధుమలు పోసి, రాయిని తిప్పే తోలు పట్టా సరిచూసి, అవతలి చౌక్ దాకా వెళ్లొస్తాడు. ఆ లోపు తొట్టి ఖాళీ అయి రాయి రాయిని నమిలితే, ఆ చప్పుడు విని పరుగెత్తుకొస్తాడు.

గిర్నికి రాకముందు అతను చేయని పని లేదు. పుణెలో ఒక కార్ఖానాలో లేత్ మీద పద్నాలుగు నెలలున్నాడు. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాడు. చెరుకురసం బండి పెట్టి, వేసవి పూర్తికాకుండానే దానికి ఇంకో చక్రం బిగించి ఐస్‌క్రీం బండి చేశాడు. కోళ్లఫారం పెట్టినప్పుడైతే పిల్లలు పెట్టలయ్యేదాకా ఆగలేక బావమరిదికి అప్పజెప్పి వచ్చాడు. ఇప్పుడు ఆ బావమరిది మేడ కట్టుకున్నాడు. ఇవన్నీ పేటకు కంఠతా వచ్చు. తండ్రి గణ్‌పత్‌రావ్ పోయాక గిర్ని అతని మెడకు చుట్టుకుంది. అప్పటినుంచి పంతొమ్మిదేళ్లు. ఇన్నేళ్లు ఒకే పనిలో ఉన్నందుకు అతన్ని మెచ్చుకున్నవాళ్లు లేరు. ఇంకా వదల్లేదేమిటా అని ఆశ్చర్యపోయినవాళ్లే అందరూ.

ఆ గిర్ని ముందు పొద్దున్న ఆరున్నరకల్లా డబ్బాలు వరుస కడతాయి. ఆడవాళ్లు గింజల డబ్బా తెచ్చి వరుసలో పెట్టి ఇంటికి వెళ్లిపోతారు. డబ్బా నిలబడితే మనిషి నిలబడినట్టే. మూత మీద రంగుతో ఇంటిపేరు ఉంటుంది. ఈ వరుసను చూసి ఊరి ఐకమత్యం గురించి వ్యాసాలు రాసేవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ ఒక పొద్దున్నంతా అక్కడ నిలబడి చూసినట్టు లేదు. పక్కింటి డబ్బాను కాలి బొటనవేలితో వెనక్కి నెట్టడానికి అక్కడ జరిగినన్ని కుట్రలు కార్పొరేషన్ ఎన్నికల్లో కూడా జరగవు.

గణ్‌పత్‌రావ్ కాలంనుంచి ఆ వరుసకు ఒక నియమం ఉంది. వరుసలో ఒక్క డబ్బా మిగిలి ఉన్నా గిర్ని పెంచకూడదు.

ఇక్కడ ఈ పెంచడం సంగతి చెప్పుకోవాలి. ఆ పేటలో కొట్టు మూశాం అనరు. మూయడం, బంద్ చేయడం చెడ్డ మాటలు. సాయంత్రం తలుపులు దించుతూ ‘కొట్టు పెంచాం’ అంటారు. గాజు పగిలితే గాజు పెరిగింది అంటారు, మన ఆడవాళ్లు తాళి తెగితే పెరిగింది అన్నట్టే. కాబట్టి అక్కడ రాత్రి తొమ్మిదింటికి బజారంతా పెరిగిపోతుంది, పొద్దున్న మళ్లీ తెరుచుకుంటుంది. ఎవరైనా వ్యాపారమే ఎత్తేస్తే అది కూడా పెంచడమే. నిజంగా పెద్దదైనా పెంచడమే. ఏది ఏదో మొహం చూసి తెలుసుకోవాలి.

జయవంత్‌కు ఈ మాట మొదటినుంచీ గిట్టదు. తలుపు దించుతూ ఎదురు చెప్పుల కొట్టు దాకా వినబడేట్టు ‘బంద్!’ అని అరుస్తాడు.

“అలా అనకురా, లక్ష్మి వింటుంది” అని పెద్దవాళ్లు.

“వింటే విననీ కాకా. కరెంటోళ్లు రోజూ బంద్ అంటారు. వాళ్ల ఆఫీసు మూతపడిందా?”

అతని భార్య కుందా మాత్రం అతను అరిచిన ప్రతిసారీ గొంతులో ‘పెంచాం’ అనుకునేది. అతని వెనక తిరిగి సరిదిద్దడం ఆమెకు పెళ్లైన నాటినుంచీ అలవాటైన పని.

పాడ్వా, అంటే మన ఉగాది, వారం ఉందనగా గిర్ని పక్క గదిలో ఉన్న దర్జీ తన కూతురి ఊరు వెళ్లిపోయాడు. గది ఖాళీ అయిందని తెలిసిన దగ్గర్నుంచి జయవంత్‌కు నిలబడటం కూడా చేతకాలేదు. గిర్నిలో ఉన్నది ఒక్కటే యంత్రం. గోధుమల తర్వాత జొన్న, జొన్న తర్వాత సజ్జ. మధ్యలో రాయి మీద మిగిలిన పిండి వెనకవాళ్ల డబ్బాలో పడుతుంది. తెల్లటి గోధుమపిండిలో సజ్జ నలుసు కనిపిస్తే ఆడవాళ్లు అతని ఏడు తరాలను పైకి తీస్తారు. పక్క గది దొరికితే జొన్న సజ్జలకు విడిగా రెండో యంత్రం పెట్టొచ్చు. జీవితంలో మొదటిసారి అతను ఒక పని వదిలేద్దామని కాక, ఉన్నదాన్నే పెద్దది చేద్దామని అనుకున్నాడు. ఆ సంగతి అతనికే వింతగా ఉంది.

గిర్ని గదితో సహా ఆ గదుల వరుసంతా ఇనాందార్ ఆజీది. ఎనభై ఒక్కేళ్ల ఆ అవ్వ తన వాడాలో, అంటే ఆ పాతకాలపు పెద్దింట్లో, ఉయ్యాల బల్ల మీదనుంచి దిగదు. కాగితాలు రాయదు. చేతిలో కొబ్బరికాయ పెట్టి మాట ఇస్తుంది. ఆ తర్వాత భూమి బద్దలైనా ఆ మాట మారదు.

“ఆజీ, దర్జీ గది నాక్కావాలి.”

“దేనికిరా?”

“రెండో గిర్ని పెడతా. పాడ్వా రోజున.”

“మొదటి దాని దగ్గరే నువ్వు ఉండవు. రెండోది పెట్టి రెండింటి దగ్గరా ఉండకుండా పోతావా?” అని ఆజీ నవ్వింది. “సరే, తీసుకో. కూర్చో, లోపలనుంచి కొబ్బరికాయ తెమ్మంటాను.”

“కొబ్బరికాయ తర్వాత ఆజీ! కోల్హాపూర్ బస్సు పదింటికే. యంత్రం చూడాలి” అంటూ అతను అప్పటికే గడప దాటాడు. ఆ మాట కొబ్బరికాయ లేకుండానే మిగిలిపోయింది.

బస్టాండుకు సైకిల్ తొక్కుతుంటే తాలీమ్ చౌక్ దగ్గర పెంఢార్‌కర్ మాస్తర్ కనిపించాడు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. కుస్తీలు నేర్పే ఆ తాలీమ్ గోడకు కొట్టిన నల్లబల్ల మీద పేట వార్తలు సుద్దముక్కతో రాస్తుంటాడు. పుట్టినరోజులు, చావులు, నీళ్లు రాని వేళలు, ఎవరి పిల్లవాడు పరీక్ష పాసయ్యాడు, అన్నీ ఆయన చేతిమీదుగానే పేటకు తెలుస్తాయి. పేపర్లో వచ్చినా నమ్మనివాళ్లు బల్ల మీద వస్తే నమ్ముతారు. ఆయన అప్పుడు గాజుల కొట్టు ముసలాయన చావు వార్త తుడుస్తున్నాడు.

“మాస్తర్! పాడ్వానుంచి మా గిర్ని పెంచుతున్నాం. రాసెయ్యండి!” జయవంత్ సైకిల్ ఆపలేదు. ఒక కాలు నేలకు తాకించాడంతే.

“ఏమిటి, పెంచుతున్నావా? ఎందుకయ్యా?”

“ఆఁ, పెంచుతున్నా! వచ్చాక చెబుతా!” అని అరుస్తూ మలుపు తిరిగిపోయాడు.

కోల్హాపూర్‌లో యంత్రం చూశాడు. దాని రాయి తట్టాడు, మోటారు విన్నాడు. అమ్మేవాడు టీ తెప్పించేలోపు ఆ కార్ఖానా మొత్తం మూడుసార్లు చుట్టొచ్చాడు. పాడ్వా పొద్దున్న టెంపోలో పంపమని చెప్పి, ఆ రాత్రి అక్కడే ఒక స్నేహితుడి ఇంట్లో పడుకుని మర్నాడు మధ్యాహ్నానికి సాంగ్లీలో దిగాడు. సెల్‌ఫోను ఇంకా శేట్‌ల జేబుల్లో మాత్రమే మోగుతున్న రోజులవి. మధ్యలో ఏం జరిగిందో అతనికి తెలిసే దారి లేదు.

గిర్ని ముందు ఒక్క డబ్బా లేదు.

పంతొమ్మిదేళ్లలో అతను ఆ నేలను పట్టపగలు ఖాళీగా చూడనే లేదు. డబ్బాల అడుగులు పడీపడీ నేల మీద గుండ్రటి మచ్చలు వరుసగా ఉన్నాయి, డబ్బాలు మాత్రం లేవు. లోపల కుందా బోర్లించిన బస్తా మీద కూర్చుని ఉంది.

“డబ్బాలేవీ?”

“తీసుకుపోయారు.”

“ఎవరు?”

“ఎవరివి వాళ్లు. నేనాపాలా? వాళ్ల డబ్బాలు వాళ్లవే కదా. వంతెన దగ్గర గిర్నికి పోతున్నారు.” ఆమె అతని వైపు చూడకుండానే అంది. “నాకో మాట చెప్పి ఉండాల్సింది. పేటంతా తెలుసుకున్నాక, కట్టుకున్నది బల్ల మీద చదువుకోవాలా?”

“ఏమిటి చదువుకునేది?”

“గిర్ని పెంచేస్తున్నారని.”

“అవును, పెంచుతున్నా!”

“మరి ఇంకేం? నేనేమన్నా తప్పు చెప్పానా?” అంటూ కుందా లేచి బస్తా దులిపింది. “క్యాసెట్లు పెంచారు. బండి పెంచారు. కోళ్లు పెంచారు. ఇదొక్కటే మిగిలింది. ఎప్పుడా ఎప్పుడా అని చూస్తున్నాను. కోల్హాపూర్‌లో ఏం చూసొచ్చారు, ఏనుగునా?”

అప్పటికి గాని అతనికి అర్థం కాలేదు. కోపం పేట మీద రాలేదు. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి కూడా ఆ మాటను ఒకే వైపు విన్నందుకు వచ్చింది. వేరే వైపు వినడానికి తను ఆమెకు ఏ కారణమూ ఇవ్వలేదని తోచాక, ఆ కోపం పట్టుకు నిలబడటానికి చోటు దొరకలేదు. బల్ల చూడటానికి పరుగెత్తాడు.

మాస్తర్ చేతిరాత ముత్యాల్లాగే ఉంది. ‘పాడ్వా రోజునుంచి ఉరుణ్‌కర్ గారి గిర్ని పెంచబడును. పేటవాసులు గమనించగలరు.’ చుట్టూ చావు వార్తలకు గీసే అంచు. కింద, గాజుల ముసలాయన నాటి చివరి వరుస చెరగకుండా అలాగే ఉంది: ‘శోకతప్తులు, జునీ పేట్ వ్యాపారులు, నివాసులు.’

“మాస్తర్, ఇదేమిటి?”

“నువ్వు చెప్పిందే. అక్షరం పొల్లు పోలేదు.”

“కింద శోకతప్తులని ఉందే!”

మాస్తర్ కళ్లజోడు పైకి జరిపి చూశాడు. “అది పాతది. నువ్వు అరిచేసరికి పైభాగమే తుడిచాను.” ఒక అడుగు వెనక్కి వేసి మొత్తం మళ్లీ చదివాడు. “అయినా కలిసిపోయిందయ్యా. ఎవరూ తేడా పట్టలేదు. రాసినప్పుడు నాకు కూడా కొంచెం బాధేసింది.”

“నేను పెద్దది చేస్తున్నానండీ! పెద్దది!”

“మరి పెద్దది అనొచ్చుగా! ఊరికంతా బంద్, బంద్ అని నువ్వే అరుస్తావు. ఉన్నట్టుండి పెంచుతున్నా అంటే, పాపం, ఈ ఒక్కసారికి బుద్ధిగా మాట్లాడుతున్నాడు, నిజంగానే మూసేస్తున్నట్టున్నాడు అనుకున్నాను.”

మాస్తర్ తడిగుడ్డ తీశాడు. కాని బల్ల తుడిస్తే పోయేది సుద్ద మాత్రమే. నిన్నటినుంచి పేట మాట్లాడుకున్నది ఎవరు తుడుస్తారు?

ఆజీ వాడాలో ఎదురు చెప్పుల కొట్టు దిలీప్‌శేట్ గుందేశా కూర్చుని ఉన్నాడు. ముందు పళ్లెంలో కారం మరమరాలు, ఒళ్లో కొబ్బరికాయ. ఆ కొబ్బరికాయ చూడగానే జయవంత్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“రా భావూ, రా” అన్నాడు దిలీప్‌శేట్, నిజమైన జాలితో. “ఎంత మంచి గిర్ని. మా ఇంట్లో అయితే నిన్న వంట కూడా రుచించలేదు.”

“ఆజీ! దర్జీ గది నాకిస్తానన్నావు!”

“అన్నాను. నువ్వే గిర్ని పెంచుతున్నావని బల్ల మీద రాయించావు. పెంచేవాడికి ఇంకో గది ఎందుకు? ఇతనొచ్చి అడిగాడు. నెమ్మదిగా కూర్చున్నాడు. కొబ్బరికాయ వచ్చేదాకా కూర్చున్నాడు.” చివరి మాట ఆజీ కొంచెం సాగదీసింది. “మాట ఇచ్చేశాను.”

“ఏమని ఇచ్చావు?”

“ఉరుణ్‌కర్ గిర్ని పెంచిన రోజున రెండు గదులూ కలిపి నీవి అని.”

“నేను పెంచట్లేదు. అంటే పెంచుతున్నాను గాని, పెంచట్లేదు!”

దిలీప్‌శేట్ నవ్వాపుకోలేక మరమరాలు గొంతుకు అడ్డం పడి దగ్గాడు. ఆజీ నవ్వలేదు.

“దర్జీ గదైనా విడిగా ఇవ్వు ఆజీ.”

“రెండూ కలిపి అన్నాను. మాటను రంపంతో కోయనా? నువ్వు పెంచినరోజే ఇతనికి. అంతకుముందు ఒక్క గది కూడా లేదు, ఎవరికీ లేదు.”

“నాకేం తొందర లేదు భావూ” అన్నాడు దిలీప్‌శేట్ గొంతు సవరించుకుంటూ. “కాని పాడ్వా మంచి రోజు. వరుసలో డబ్బా లేదు, రాయి తిరగట్లేదు. అది పెంచినట్టు కాదా? ఆ పొద్దున్న ఆరున్నరకి వచ్చి చూస్తాను. డబ్బా లేకపోతే కొబ్బరికాయ కొట్టుకుంటాను. నీ తండ్రి పెట్టిన నియమమేగా, నేను కల్పించింది కాదు.”

ఆ మాటకు ఆజీ తల ఊపింది. దాంతో అది తీర్పైపోయింది. పాడ్వా పొద్దున్న వరుసలో ఒక్క డబ్బా ఉంటే గిర్ని ఉన్నట్టు. లేకపోతే రెండు గదులూ చెప్పులవి.

మర్నాడంతా జయవంత్ ఇల్లిల్లూ తిరిగాడు. తిరగడం అతనికి కొత్త కాదు గాని, అడగడం కొత్త. ముందు పేటకంతా పిన్ని వరసైన పార్వతీ మావ్షీ దగ్గరికి వెళ్లాడు. డబ్బాల వరుసలో పాతికేళ్లుగా మొదటి డబ్బా ఆవిడదే. ఎలా మొదటిదైందో ఎవరికీ తెలియదు.

“మావ్షీ, ఒక్క డబ్బా. గింజలు తక్కువున్నా సరే.”

“అయ్యో, నీ గిర్ని చచ్చిపోయిందని నేను నిన్ననే స్నానం కూడా చేశాను కదరా!”

“చావలేదు మావ్షీ. అది వేరే పెంచడం.”

“ఏ పెంచడమైనా ఏముంది? వంతెన గిర్నివాడు లావుపాటి మనిషి. కుర్చీలోంచి లేవలేడు. తొట్టి ఖాళీ కాదు, పిండి మాడదు, నలుసుండదు. ఆ కొవ్వుకి దండం పెట్టాలి.” మావ్షీ చేటలో జొన్నలు చెరుగుతూనే ఉంది. “నీ పిండిలో సజ్జ, సజ్జలో గోధుమ. నీ గోధుమ రొట్టె తింటే మా ఆయన ‘ఇవాళ ఏం పండగ, ఏడు ధాన్యాలూ వేశావా’ అని అడిగాడు. మరి మేం అన్నీ చూసుకుంటూ నీ దగ్గరికి ఎందుకొచ్చేవాళ్లమో తెలుసా?”

“ఎందుకు?”

“దగ్గరని.”

ఇంకో ఇంట్లో తలుపు సందులోంచి మాట్లాడారు. ఇంకో ఇంట్లో టీ ఇచ్చారు, డబ్బా ఇవ్వలేదు. ఇంకోచోట ‘కూర్చోండి భావూ’ అంటే అతను నిలబడే ఉన్నాడు. ఆ ఇల్లాలు నవ్వేసి, “చూశారా? ఇదీ మా బాధ” అంది. ఊరి వ్యాపారులను ఊరివాళ్లే ఆదుకోవాలని ఆ మధ్య చౌక్‌లో ఉపన్యాసమిచ్చిన పెద్దమనిషి ఇంట్లో కూడా డబ్బా వంతెన దగ్గరికే వెళ్లింది. ఆ సాయంత్రం జయవంత్ తిరిగి వచ్చేసరికి చేతుల్లో ఏమీ లేదు. ఒక ఇంట్లో ఇచ్చిన బెల్లంముక్క మాత్రం ఉంది.

గిర్నిలో కుందా ఇంటినుంచి గోధుమ డబ్బా తెచ్చి తుడుస్తోంది.

“మనది పెడదామా?”

“లెక్కలోకి రాదు. గిర్నివాళ్ల డబ్బా వరుసలో నిలబడదు. నాన్న అందరిదీ అయ్యాకే మనది పోసేవాడు.”

“మీకు నియమాలన్నీ గుర్తున్నాయే!” అంది కుందా. రెండు రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో ఏదో కదిలింది. “యంత్రం నిజంగానే చెప్పొచ్చారా?”

“చెప్పాను. రేపు పొద్దున్న దిగుతుంది. ఎక్కడ దింపాలో తెలియదు.”

కుందా గిర్ని గదిని ఒక మూలనుంచి ఇంకో మూలకు కళ్లతో కొలిచింది. పాత యంత్రం ఒక గోడవైపు ఉంది. ఎదుటి గోడ దాకా ఉన్న ఖాళీ స్థలంలో నేల నున్నగా అరిగి ఉంది. అతను అటూ ఇటూ నడిచే చోటది.

“ఇందులోనే పడుతుంది” అంది. “మీరు నడవడం మానేస్తే.”

పాడ్వా పొద్దున్న ప్రతి ఇంటి కిటికీకీ గుఢీ లేచింది. వెదురుకర్రకు పట్టుగుడ్డ, వేపరెమ్మ, చక్కెర పూసలదండ, పైన బోర్లించిన చెంబు. జయవంత్ ఆరింటికే గిర్ని తెరిచాడు. కోల్హాపూర్ టెంపో తొందరగా వచ్చేసింది. యంత్రాన్ని నలుగురు పట్టి లోపలికి జరిపారు. కుందా చెప్పిన చోట అది అంగుళం తేడా లేకుండా పట్టింది. మిగిలిన స్థలంలో ఒక పీట మాత్రమే వేయొచ్చు. గుమ్మం ముందు వరుస ఖాళీగానే ఉంది. జయవంత్ నడవబోయాడు, చోటు లేదు. బయటికి వెళ్లబోయాడు.

“ఎక్కడికీ?” అంది కుందా.

“చౌక్ దాకా.”

“ఇవాళ వద్దు.”

అతను పీట మీద కూర్చున్నాడు. మోకాలు ఆడటం మొదలుపెట్టింది. ఎదురుగా దిలీప్‌శేట్ తెల్ల పైజామాలో, చేతిలో కొబ్బరికాయతో తన కొట్టు మెట్టు దిగాడు. ఆరు ఇరవై ఐదు.

అప్పుడు ఇనాందార్ వాడా తలుపు తెరుచుకుంది. ఆజీ ఇంట్లో పనిచేసే గంగూబాయి నెత్తిమీద డబ్బా పెట్టుకుని, రోడ్డంతా తనదే అన్నట్టు నడుచుకుంటూ వచ్చి, మొదటి గుండ్రటి మచ్చ మీద దాన్ని దించింది. మూత మీద ఎర్రరంగుతో ‘ఇనాందార్’ అని ఉంది.

దిలీప్‌శేట్ కొబ్బరికాయ చంకలోకి జరిపి తిన్నగా వాడాకు నడిచాడు. ఆజీ గొంతు రోడ్డు దాకా వినిపించింది.

“నేను మాట తప్పానా శేట్? పెంచిన రోజున నీదే. కాని నాకున్నవి నాలుగు పళ్లు. వంతెనవాడు పట్టిన జొన్నలతో రొట్టె చేస్తే గచ్చు కొరికినట్టుంది. వీడు కూర్చోడు గాని, రాయి మాత్రం బాగా దగ్గరికి బిగిస్తాడు. నా మాట నాది, నా పళ్లు నావి!”

పార్వతీ మావ్షీ అప్పటికే కిటికీలోంచి చూస్తోంది. వాడా డబ్బా మొదటి మచ్చ మీద ఉంది. పాతికేళ్ల స్థానం పోయింది. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. రెండో యంత్రాన్ని చూసి ఆగింది.

“ఇదేమిట్రా?”

“ఇది జొన్న సజ్జలకి మావ్షీ. అది గోధుమలకి. ఇక నలుసుండదు. దీన్నే పెంచడం అన్నాను.”

“మరి చెప్పొద్దూ!” అంటూ ఆవిడ గంగూబాయి అటు తిరగగానే వాడా డబ్బాను కాలి బొటనవేలితో ఒక జానెడు వెనక్కి నెట్టింది. ఎనిమిదింటికి పదకొండు డబ్బాలయ్యాయి. ఇందులో ప్రేమ పాలెంతో, పండగ పూట వంతెన దాకా మోయలేని బద్ధకం పాలెంతో విడదీసి చెప్పడం కష్టం.

సాయంత్రానికి పది డబ్బాలు ఖాళీ అయ్యాయి. మావ్షీ దయవల్ల వెనక్కి వెనక్కి జరిగి వాడా డబ్బా చివర మిగిలింది. జయవంత్ దాన్ని ఎత్తబోతుంటే గంగూబాయి వచ్చింది.

“ఆజీ చెప్పమంది. ఇవాళ పట్టొద్దట. పొద్దున్న పట్టి ఇమ్మంది. అది తీసుకునేటప్పుడు ఇంకోటి తెచ్చి పెడతాను. మా ఆజీకి రెండు డబ్బాలున్నాయి.”

జయవంత్ డబ్బాను ఉన్నచోటే వదిలి తలుపు మీద చెయ్యి వేశాడు. ఎదురుగా దిలీప్‌శేట్ కూడా కొట్టు సర్దుకుంటున్నాడు. రోజంతా మాట్లాడని మనిషి, ఇప్పుడు నవ్వుతూనే కేకేశాడు.

“ఏం భావూ, గిర్ని పెంచావా?”

ఆ చుట్టుపక్కల మెట్ల మీద నిలబడ్డవాళ్లంతా చెవులు రిక్కించారు. అవునంటే, ఆజీ ఇచ్చిన మాట ప్రకారం రెండు గదులూ శేట్‌వే. అలవాటైన అరుపు జయవంత్ గొంతులోకి వచ్చింది. కాని ఈసారి ఒక్కో అక్షరం చూసుకుని పలికాడు.

“లేదు శేట్. పెంచలేదు. బంద్ చేశాను.”

వెనకనుంచి కుందా, ఇన్నేళ్లలో మొదటిసారి, గొంతులో దాన్ని సరిదిద్దకుండా, పైకే అంది. “అవును శేట్, బంద్!”

అప్పటినుంచి ఆ పేటలో రోజూ రాత్రి అన్ని కొట్లూ పెరుగుతాయి, ఒక్క ఉరుణ్‌కర్ గిర్ని మాత్రం బంద్ అవుతుంది. దిలీప్‌శేట్ రోజూ అడుగుతాడు, జయవంత్ రోజూ అదే చెబుతాడు. దర్జీ గదికి తాళం వేసే ఉంది. దాని ముందు పార్వతీ మావ్షీ కరివేపాకు ఆరబెట్టుకుంటోంది. వాడా డబ్బాలు ఒకటి వెళ్లే లోపు ఒకటి వస్తాయి.

నడిచే చోటు యంత్రం కింద పోయింది. జయవంత్ పీట మీద కూర్చుంటాడు, కాని మోకాలు ఆగదు. దాని అదురుకు పక్కనున్న డబ్బాల మూతలన్నీ టకటకలాడతాయి. మొన్నొకరోజు మావ్షీ తన జొన్నపిండి తీసుకుంటూ ఆ కాలి వైపు చాలాసేపు చూసింది.

“భావూ, దానికో పట్టా బిగించరాదూ? మూడో గిర్ని తిరుగుతుంది.”

అతను నిజంగానే ఆలోచిస్తూ లేవబోయాడు. కొత్త యంత్రం తొట్టి నడినెత్తికి తగిలింది. మళ్లీ కూర్చున్నాడు.